అబ్బా: ద మూవీ

స్వీడన్ దేశానికి చెందిన అబ్బా అనే పాప్ సంగీత బృందం 1977 మార్చిలో ఆస్ట్రేలియాలో జరిపిన కచేరీ యాత్రను వెంబడించి తీసిన చలనచిత్రం ‘అబ్బా: ద మూవీ’. దీనికి దర్శకుడు లాస్సె హాల్‌స్ట్రోమ్. నిర్మాణంలో బృందపు మేనేజరు స్టిగ్ ఆండర్సన్ నడిపిన పోలార్ మ్యూజిక్ సంస్థ, ఆస్ట్రేలియాలో టెలివిజన్ కార్యక్రమాల నిర్మాతగా పేరుపొందిన రెగ్ గ్రండీ సంస్థ పాలుపంచుకున్నాయి. గంటన్నరకు కాస్త మించిన నిడివి గల ఈ చిత్రం 1977 డిసెంబరులో ముందు ఆస్ట్రేలియాలోనూ, ఆ వెంటనే స్వీడన్‌లోనూ విడుదలయింది. వేదిక మీది పాటలను చూపే భాగాలు, వీధుల్లోనూ విమానాశ్రయాల్లోనూ గుమిగూడిన జనాన్ని వార్తాచిత్రంలా పట్టుకున్న భాగాలు, ఒక రేడియో ఉద్యోగి పడిన పాట్లను చెప్పే కల్పిత కథ ఇందులో ముప్పేటగా అల్లుకొని ఉంటాయి. ఈ అల్లిక కారణంగా దీన్ని కచేరీ చిత్రమని గాని, డాక్యుమెంటరీ అని గాని, కథాచిత్రమని గాని ఒక్క మాటలో తేల్చడానికి వీలులేదు. దీని విశిష్టత అంతా ఆ అల్లికలోనే ఉంది.

పర్యటన చిత్రమనే ప్రక్రియ

ఒక సంగీత ప్రదర్శనను ప్రేక్షకుల సమక్షంలో చిత్రీకరించి, సినిమాహాలులో చూపడానికి వీలుగా కూర్చినదాన్ని కచేరీ చిత్రమంటారు. ఆ ప్రదర్శన ఒకే వేదికకు పరిమితం కాకుండా ఊరి నుంచి ఊరికి సాగినప్పుడు, కెమెరా కూడా కళాకారులతోపాటు ప్రయాణం కట్టి, పాటకూ పాటకూ మధ్య గడిచే హోటలు గదులను, కార్లను, పత్రికల వారి ప్రశ్నలను సైతం నమోదు చేసినప్పుడు అది పర్యటన చిత్రమవుతుంది. భుజాన మోయగలిగిన 16 మిల్లీమీటర్ల కెమెరాలు, వాటితో కలిసి నడిచి మాటను పెదవుల కదలికతో సరిపోయేలా నమోదు చేసే చిన్న టేప్ రికార్డర్లు 1960 ప్రాంతంలో అందుబాటులోకి రావడం ఈ ప్రక్రియ పుట్టుకకు ముఖ్యకారణం. వ్యాఖ్యాత గొంతు వినిపించకుండా, జరుగుతున్నదానిలో తలదూర్చకుండా, జరిగినదాన్ని జరిగినట్లు పట్టుకోవాలన్న ‘డైరెక్ట్ సినిమా’ అనే ధోరణి ఆ పరికరాల వల్లనే అమెరికాలో వేళ్లూనింది. 1964లో బీటిల్స్ బృందపు తొలి అమెరికా యాత్రను మేజల్స్ సోదరులు ఈ పద్ధతిలోనే చిత్రీకరించారు. 1965లో బాబ్ డిలన్ ఇంగ్లండు యాత్రను వెంబడించి డి.ఎ. పెన్నిబేకర్ తీసిన ‘డోంట్ లుక్ బ్యాక్’ 1967లో విడుదలయింది. రోలింగ్ స్టోన్స్ బృందం 1969లో జరిపిన అమెరికా యాత్రను చూపే ‘గిమ్మీ షెల్టర్’ 1970లో వచ్చి, ఆల్టమాంట్‌లో కచేరీ జరుగుతుండగా ఒక ప్రేక్షకుడు హత్యకు గురైన ఘటనను కళ్లకు కట్టి, పాటల సరదా కోసం వచ్చినవారిని నిశ్చేష్టులను చేసింది.

ఇందుకు భిన్నమైన మరో దారి కూడా ఆ 1964లోనే పడింది. రిచర్డ్ లెస్టర్ దర్శకత్వం వహించిన ‘ఎ హార్డ్ డేస్ నైట్’లో బీటిల్స్ నలుగురూ తమ పాత్రలనే తాము ధరించినా, వారి పరుగులు, సంభాషణలు, చిక్కులు ముందుగా రాసుకున్న కథ ప్రకారం నడుస్తాయి. అబ్బా చిత్రానికి ఈ రెండు దారులతోనూ చుట్టరికం ఉంది. బృందం విషయంలో అది మొదటి దారిని, బృందాన్ని తరిమే మనిషి విషయంలో రెండవ దారిని పట్టింది.

బొమ్మగా ముందు చేరిన బృందం

అగ్నేటా ఫెల్ట్‌స్కోగ్, బ్యోర్న్ ఉల్వేయుస్, బెన్నీ ఆండర్సన్, అన్నీఫ్రీడ్ లింగ్‌స్టాడ్ అనే నలుగురి పేర్లలోని మొదటి అక్షరాలను కూర్చగా ఏర్పడిన పేరు అబ్బా. స్వీడన్‌లో అదే పేరుతో అప్పటికే చేపలను డబ్బాల్లో నిల్వచేసి అమ్మే సంస్థ ఒకటి ఉండడంతో, ఆ సంస్థ అంగీకారం తీసుకొని ఈ పేరును వాడుకున్నారు. అగ్నేటా, బ్యోర్న్ 1971లో వివాహం చేసుకున్న దంపతులు. ఫ్రీడా అనే ముద్దుపేరుతో ప్రసిద్ధురాలైన అన్నీఫ్రీడ్, బెన్నీ అప్పటికి కలిసి జీవిస్తున్న జంట. పాటలకు వరుసలు కట్టేది ప్రధానంగా ఇద్దరు పురుషులు, ముందు నిలిచి పాడేది ఇద్దరు స్త్రీలు. 1974 ఏప్రిల్ 6న ఇంగ్లండులోని బ్రైటన్‌లో జరిగిన యూరోవిజన్ పాటల పోటీలో ‘వాటర్లూ’ పాటతో గెలవడం ఈ బృందానికి యూరప్ తలుపులు తెరిచింది.

ఆస్ట్రేలియాకు మాత్రం బృందం మనుషుల కంటే ముందు బొమ్మ చేరింది. స్టాక్‌హోమ్ నుంచి అంత దూరం పాట పాటకూ ప్రయాణం చేయడం సాధ్యమయ్యే పని కాదు కాబట్టి, కొత్త పాట ఒక్కొక్కదానికీ రెండు మూడు నిమిషాల చిన్న చిత్రాన్ని తీసి టెలివిజన్ సంస్థలకు పంపే ఏర్పాటు చేశారు. నేటి మ్యూజిక్ వీడియోలకు పూర్వరూపాలైన ఈ చిన్న చిత్రాల్లో అధికభాగాన్ని తీసినవాడు హాల్‌స్ట్రోమే. ఇద్దరు గాయనుల్లో ఒకరి ముఖాన్ని పక్కనుంచి, మరొకరి ముఖాన్ని ఎదురుగా నిలిపి, రెండింటినీ ఒకే చట్రంలో ఇమిడ్చే అతని కూర్పు అబ్బా అనగానే జనం కళ్లముందు మెదిలే ఆనవాలుగా స్థిరపడింది. ఆస్ట్రేలియాలో రంగుల టెలివిజన్ 1975 మార్చి 1న మొదలైంది. ఆ ఏడాదే ‘కౌంట్‌డౌన్’ అనే పాటల కార్యక్రమంలో ‘మామా మీయా’ చిన్న చిత్రం ప్రసారం కావడం, దాన్ని చూసిన కుర్రకారు పాటను విడిగా రికార్డుగా విడుదల చేయాలని పట్టుబట్టడం, విడుదలైన రికార్డు పది వారాలపాటు అమ్మకాల్లో మొదటి స్థానంలో నిలవడం వరుసగా జరిగిపోయాయి. మరుసటి ఏడు ‘ఫెర్నాండో’ పద్నాలుగు వారాలు ఆ స్థానాన్ని విడవలేదు. 1976 మార్చిలో బృందం ఆస్ట్రేలియాకు వచ్చి పాల్గొన్న ప్రత్యేక టెలివిజన్ కార్యక్రమాన్ని, 1969లో చంద్రుడి మీద మనిషి కాలుమోపిన దృశ్యాన్ని చూసినవారికంటే ఎక్కువమంది చూశారని అప్పటి లెక్కలు చెప్పాయి.

ఈ పూర్వరంగం తెలిస్తే గాని ఈ సినిమాలోని జనసందోహం అర్థం కాదు. ఇంటి ముందుగదిలో గాజుతెర మీద రెండేళ్లుగా చూస్తున్న ముఖాలు నిజంగా విమానం దిగి రావడాన్ని చూడవచ్చినవారు వాళ్లు.

1977 యాత్ర

అబ్బా 1977 యాత్ర జనవరి 28న నార్వే రాజధాని ఓస్లోలో మొదలై, యూరప్ నగరాల మీదుగా సాగి ఫిబ్రవరి 14న లండన్ చేరింది. అక్కడి రాయల్ ఆల్బర్ట్ హాలులో ఏర్పాటైన రెండు కచేరీల టిక్కెట్ల కోసం 35 లక్షల దరఖాస్తులు వచ్చాయని నిర్వాహకులు ప్రకటించారు. ఆస్ట్రేలియా భాగంలో మార్చి 3 నుంచి 12 వరకు సిడ్నీలో రెండు, మెల్‌బోర్న్‌లో మూడు, అడిలైడ్‌లో ఒకటి, పెర్త్‌లో ఐదు, వెరసి 11 కచేరీలు జరిగాయి. వీటికి సుమారు లక్షన్నర మంది హాజరయ్యారు. మెల్‌బోర్న్ కచేరీకి నాటి ప్రధానమంత్రి మాల్కం ఫ్రేజర్ కుటుంబసమేతంగా వచ్చాడు.

సిడ్నీ షోగ్రౌండ్‌లో జరిగిన మొదటి కచేరీ కుండపోత వానలో తడిసింది. బహిరంగ మైదానంలో వేలాది మంది గొడుగులు, ప్లాస్టిక్ తొడుగులు కప్పుకొని, తొడుగులు లేనివారు నిలువునా తడుస్తూ, కాళ్లకింద నేల బురద అవుతున్నా కదలకుండా నిలిచారు. వేదిక మీద నిలిచిన నీటిని పనివారు తుడుస్తున్నకొద్దీ మళ్లీ నిలిచేది; చుట్టూ విద్యుత్తు తీగలు, మైకులు, ధ్వనిపెట్టెలు ఉన్న చోట ఆ నీరు ప్రాణాపాయమే. ఆ రాత్రి ఫ్రీడా కాలుజారి వేదిక మీద పడి, లేచి పాట కొనసాగించింది. తెల్లని దుస్తులు ధరించిన నలుగురు, వారి వెనుక వాద్యకారులు, వారి ఎదుట చీకట్లో మెరిసే వానధార, దానికి ఆవల తడిసిన ముఖాలు కనిపించే ఈ ఘట్టం సినిమాలో కొద్దిసేపే ఉన్నా, స్టూడియోలో ఎంత ఖర్చు పెట్టినా దొరకని నిజం అందులో ఉంది. కచేరీలు హెలికాప్టర్ మోతతో ఆరంభమై ‘టైగర్’ పాటలోకి మళ్లేవి. చెవులు గింగురుమనే ఆ మోతలో జనం కేకలు కలిసిపోయేవి.

కథ

చిత్రంలోని కల్పిత భాగానికి నాయకుడు ఆష్లీ వాలెస్ అనే రేడియో ఉద్యోగి. ఈ పాత్రను రాబర్ట్ హ్యూజ్ ధరించాడు. రాత్రిపూట కంట్రీ సంగీతం, అంటే అమెరికా గ్రామీణ ప్రాంతాల జానపద బాణీ పాటలు వినిపించే ఇతన్ని స్టేషన్ అధికారి పిలిచి, అబ్బాతో లోతైన సంభాషణ రికార్డు చేసుకురమ్మని, బృందం దేశం విడిచి వెళ్లే రోజుకు అది ప్రసారం కావాలని ఆజ్ఞాపిస్తాడు. అంతకుముందు ఎవరినీ ఇంటర్వ్యూ చేసి ఎరగని ఆష్లీ, టేప్ రికార్డరు భుజాన వేసుకొని బయలుదేరుతాడు గాని, పత్రికల వారికి ఇచ్చే ప్రవేశపత్రం అతని దగ్గర ఉండదు. ఆ ఒక్క కాగితం లేకపోవడంతో పత్రికా సమావేశంలో అతనికి చోటు దొరకదు. హోటలు వసారాలోనే నిలబెట్టేస్తారు. కచేరీకి ముందూ తరువాతా అంగరక్షకుడు అడ్డుపడుతూనే ఉంటాడు. అంగరక్షకుడి పాత్రతోపాటు టాక్సీ డ్రైవరు, బార్‌లో మద్యం పోసే పనివాడు వంటి పాత్రలను కూడా టామ్ ఆలివర్ ఒక్కడే ధరించడంతో, ఆష్లీకి ఎటు వెళ్లినా అదే మనిషి ఎదురవుతున్న భావన ప్రేక్షకుడికి కలుగుతుంది.

అబ్బాను చేరలేని ఆష్లీ వీధిలో కనిపించినవారినల్లా పలకరిస్తూ, అబ్బా మీకెందుకు ఇష్టమని అడుగుతూ పోతాడు. పిల్లలు, తల్లులు, తాతలు, కారు నడిపేవారు ఎవరికి తోచింది వారు చెబుతారు. ఈ మాటలు చెప్పినవారిలో అధికులు నటులు కారు, దారినపోయేవారే. కల్పిత పాత్ర నిజమైన జనాన్ని ప్రశ్నించడమనే ఈ ఉపాయం చాలా తెలివైనది. కథ పేరుతో దర్శకుడికి ఒక దేశపు అభిప్రాయాన్ని కూడగట్టే అవకాశం దొరికింది. నగరం నుంచి నగరానికి పరుగులు తీసి, స్టిగ్ ఆండర్సన్ దయతలచి ఇచ్చిన అవకాశాన్ని సైతం నిద్రమత్తులో జారవిడుచుకొని, ఇక ఉద్యోగం పోయినట్లేనని ఆశ వదులుకున్న వేళ, హోటలు లిఫ్టులో అనుకోకుండా నలుగురూ అతని ఎదుట పడతారు. ఎంత వెతికినా దొరకనివారు తలుపులు మూసుకున్న చిన్న పెట్టెలో తోడుగా దొరకడం కథకు కీలకమైన మలుపు. సంభాషణ ప్రసార సమయానికి అందుతుంది.

కథ పలచనిదన్న విమర్శ మొదటినుంచీ ఉంది, అది న్యాయమైనదే. ఆష్లీకి ఎదురయ్యే ఆటంకాలు ఒకదానికొకటి నకళ్లుగా ఉంటాయి. అతని బతుకు గురించి మనకు తెలిసేది స్వల్పం. అయినా ఈ పాత్రను తీసివేస్తే సినిమా పాటల వరుసగా మిగిలిపోతుంది. బృందాన్ని దూరం నుంచి మాత్రమే చూడగలిగిన లక్షలాది మందికి అతను ప్రతినిధి. తెర మీద బొమ్మను ప్రేమించి, బొమ్మ వెనుక మనిషితో ఒక్క మాటైనా మాట్లాడాలని తపించేవాడు. మూడేళ్లుగా ఆ నలుగురిని కెమెరాతో అతి దగ్గరగా చూస్తూ వచ్చిన దర్శకుడు, వారిని అసలు చేరలేని మనిషి కళ్లతో సినిమా నడపడం ఆలోచించదగిన విషయం.

చిత్రీకరణ, కూర్పు

మొదట్లో ఈ యాత్రను 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీద, చిన్నపాటి నమోదుగా తీయాలన్న ఆలోచన ఉండేది. అది పెరిగి పెరిగి చివరకు 35 మిల్లీమీటర్ల పానావిజన్ పద్ధతిలో, పెద్ద తెరకు తగిన సినిమాగా మారింది. ప్రత్యేకమైన కటకంతో దృశ్యాన్ని అడ్డంగా నొక్కి ఫిల్ము మీద ఇమిడ్చి, ప్రదర్శించేటప్పుడు దాన్ని మళ్లీ విప్పి వెడల్పాటి తెర నిండా పరిచేది ఈ పద్ధతి. తెలుగువారు ‘అల్లూరి సీతారామరాజు’తో 1974లో రుచిచూసిన సినిమాస్కోపు కూడా ఈ సూత్రం మీద ఆధారపడినదే. డైరెక్ట్ సినిమా వారు ఎంచుకున్న తేలికపాటి పరికరాలతో పోలిస్తే ఇవి బరువైనవి, జనంలో దూరి తిరగడానికి అనువుకానివి. కాని నలుగురు గాయకులు వేదిక వెడల్పునా నిలబడినప్పుడు, వారి ఎదుట జనం కనుచూపుమేర పరుచుకున్నప్పుడు ఆ వెడల్పు తెర చేసిన మేలు ఇంతా అంతా కాదు.

కచేరీ దృశ్యాల్లో ఎక్కువ భాగం పెర్త్ ఎంటర్‌టైన్‌మెంట్ సెంటర్‌లో తీసినవి. పైకప్పు ఉన్న మందిరం కావడం వల్ల అక్కడ వానగాలుల బెడద లేదు, వెలుతురు చెప్పుచేతల్లో ఉంటుంది. పైగా మూడు రోజుల్లో ఐదు కచేరీలు జరగడంతో, ఒకే పాటను వేర్వేరు కోణాల నుంచి పట్టుకొని తరువాత ఒకే ప్రదర్శనలా అతకడానికి వీలు చిక్కింది. నిజయాత్ర సిడ్నీ, మెల్‌బోర్న్, అడిలైడ్, పెర్త్ క్రమంలో సాగగా, సినిమాలో ఆష్లీ సిడ్నీ నుంచి ముందు పెర్త్‌కు, అక్కడినుంచి అడిలైడ్‌కు, చివరకు మెల్‌బోర్న్‌కు వెళతాడు. కల్పిత దృశ్యాల్లో కొన్నింటిని యాత్ర ముగిశాక స్వీడన్‌లో తీశారు. ఈ మార్పులను మోసమనడం సరికాదు. జరిగినదాన్ని ముడిసరుకుగా తీసుకొని కూర్పు బల్ల మీద కొత్త యాత్రను నిర్మించడమే ఈ ప్రక్రియలోని కళ.

ఇందుకు ‘ద నేమ్ ఆఫ్ ద గేమ్’ పాట వచ్చే ఘట్టం మంచి ఉదాహరణ. ఆష్లీ నిద్రలో కనే కలలో అబ్బా నలుగురూ అతనికి ఆప్తమిత్రులు. ఆటలాడతారు, కబుర్లు చెబుతారు, గాయనులు అతన్ని చేరదీస్తారు. మెలకువలో దక్కని చనువు మొత్తం కలలో దక్కుతుంది.

పాటలు, చిన్న సంగీత నాటకం

‘ఎస్.ఓ.ఎస్.’, ‘డాన్సింగ్ క్వీన్’, ‘మనీ, మనీ, మనీ’, ‘వాటర్లూ’ వంటి ప్రసిద్ధ గీతాలతోపాటు, ఆ యాత్ర కోసమే రాసిన ‘ద గర్ల్ విత్ ద గోల్డెన్ హెయిర్’ అనే చిన్న సంగీత నాటకంలోని భాగాలు చిత్రంలో కనిపిస్తాయి. పల్లె విడిచి పేరుకోసం వెళ్లిన గాయని, ఆ పేరే తనను తోలుబొమ్మలా ఆడిస్తున్నదని తెలుసుకోవడం ఇందులోని ఇతివృత్తం. ‘థాంక్ యూ ఫర్ ద మ్యూజిక్’, ‘ఐ యామ్ ఎ మారియనెట్’ దీనిలోనివే. ఈ నాటకంలోని మూడు పాటలు 1977 డిసెంబరులో వచ్చిన ‘అబ్బా: ది ఆల్బమ్’లో చేరాయి. నాటకంలో చివరి పాట అయిన ‘గెట్ ఆన్ ద కరౌసెల్’ ఆ ఆల్బమ్‌కు ఎక్కలేదు కాబట్టి, దాన్ని వినాలనుకునేవారికి ఈ సినిమాయే దిక్కయింది. ఆల్బమ్, సినిమా ఒకే నెలలో రావడం యాదృచ్ఛికం కాదు. ఒకటి మరొకదానికి ప్రచారం చేసిపెట్టేలా స్టిగ్ ఆండర్సన్ పథకం వేశాడు.

ఈ నాటకంలోని గాయని కథను, సినిమాలో మరోచోట కనిపించే ఒక వాస్తవ దృశ్యంతో కలిపి చూడాలి. హోటలు గదిలో పత్రికలు తిరగేస్తుండగా, పాటను వదిలి అగ్నేటా శరీరాకృతినే కొనియాడుతూ ప్రదర్శన చప్పగా ఉందని రాసిన శీర్షిక ఒకటి బయటపడుతుంది. పత్రికా సమావేశంలోనూ ఆమెను అదే విషయమై ప్రశ్నిస్తే, తన వెనుకభాగం తనకు కనబడదు కదా అన్న అర్థంలో జవాబిచ్చి తప్పించుకుంటుంది. నవ్వులతో తేలిపోయిన ఆ క్షణాన్ని ఇప్పుడు చూస్తే మనసు చివుక్కుమంటుంది. పాటతో పేరుపొందిన గాయనిని, గదినిండా పెద్దమనుషులు కూర్చొని అడిగిన ప్రశ్న అది. దర్శకుడు దానిపై వ్యాఖ్యానించలేదు, తొలగించనూ లేదు. నాటి పాప్ ప్రపంచం స్త్రీని చూసిన తీరుకు అది సాక్ష్యంగా మిగిలింది.

జనం

ఈ చిత్రంలో కాలం గడిచినకొద్దీ విలువ పెరుగుతున్న భాగం జనానిదే. అంతకుముందరి రాక్ కచేరీ చిత్రాల్లో కనిపించే ప్రేక్షకులు ఎక్కువగా యువతీయువకులు. ఇక్కడ తండ్రి భుజాల మీద కూర్చున్న నాలుగేళ్ల పాప, బృందం బొమ్మ అచ్చువేసిన చొక్కాలు తొడుక్కున్న అన్నాచెల్లెళ్లు, పాట మాటలన్నీ కంఠతా వచ్చిన బడిపిల్లలు, వారిని తీసుకొచ్చి తామే మైమరచిపోయిన తల్లులు కనిపిస్తారు. మెల్‌బోర్న్ నగర మందిరం మేడ మీదినుంచి నలుగురూ చేయి ఊపినప్పుడు కింద వీధి మొత్తం తలలతో నిండి ఉంటుంది. కెమెరా పదేపదే గాయకులను వదిలి ఈ ముఖాల వైపు తిరుగుతుంది. కొందరు పిల్లలు కేకలు వేయరు, చప్పట్లు కొట్టరు. నోరు తెరుచుకొని, రెప్పవేయకుండా, తాము చూస్తున్నది నిజమేనా అన్నట్లు చూస్తూ ఉండిపోతారు. తరువాతి కాలంలో ‘మై లైఫ్ యాజ్ ఎ డాగ్’లో బాల్యాన్ని అంత సున్నితంగా చిత్రించిన దర్శకుడి చూపు ఈ ముఖాల దగ్గరే మొదటిసారి తెలిసివస్తుంది.

తరువాతి చరిత్ర

సినిమా తెర మీదికి వచ్చేనాటికి ఆస్ట్రేలియాలో అబ్బా జ్వరం తగ్గుముఖం పట్టింది. 1985 నాటి ‘మై లైఫ్ యాజ్ ఎ డాగ్’ ద్వారా హాల్‌స్ట్రోమ్ ఆస్కార్ పరిశీలనకు ఎంపికై, హాలీవుడ్ చేరి ‘వాట్స్ ఈటింగ్ గిల్బర్ట్ గ్రేప్’, ‘ద సైడర్ హౌస్ రూల్స్’, ‘షొకోలా’ వంటి చిత్రాలు తీశాడు. 1994లో వచ్చిన ‘మ్యూరియల్స్ వెడ్డింగ్’, ‘ప్రిసిల్లా’ అనే రెండు ఆస్ట్రేలియా చిత్రాలు అబ్బా పాటలను తమ కథల్లోకి తీసుకోవడంతో, 1977లో పిల్లలుగా ఉన్న తరం తన జ్ఞాపకాలను తిరిగి తెరకెక్కించినట్లయింది. అబ్బా సినిమాను శుభ్రపరిచి 2005లో డీవీడీగా విడుదల చేశారు. 2023లో అనేక దేశాల్లో మళ్లీ థియేటర్లలో ప్రదర్శించారు.

పర్యటన చిత్రాలు ఆ తరువాత విస్తారంగా వచ్చాయి. 1988 నాటి యూ2 బృందపు ‘రాటిల్ అండ్ హమ్’, 2013లో వన్ డైరెక్షన్ మీద వచ్చిన ‘దిస్ ఈజ్ అస్’, 2018లో కొరియా బృందం బీటీఎస్ యాత్రను చూపిన ‘బర్న్ ద స్టేజ్’ వాటిలో కొన్ని. ఏ.ఆర్. రెహ్మాన్ ఉత్తర అమెరికా యాత్ర ఆధారంగా 2017లో ‘వన్ హార్ట్’ విడుదలయింది. వీటిలో అధికం కళాకారుల అంతరంగాన్ని విప్పి చూపుతామన్న హామీతో వచ్చినవి. అబ్బా చిత్రం అటువంటి హామీ ఇవ్వలేదు; ఆష్లీ సంపాదించిన సంభాషణలోనూ గుండె లోతుల రహస్యమేదీ బయటపడదు.

అగ్నేటా, బ్యోర్న్ విడిపోతున్నట్లు 1979 జనవరిలో ప్రకటించారు. విమానయానమంటే అగ్నేటాకు ఉన్న భయం, పిల్లలను వదిలి నెలల తరబడి తిరగడం ఇష్టం లేకపోవడం కూడా దూరయాత్రలకు అడ్డయ్యాయి. 1979లో ఉత్తర అమెరికా, యూరప్‌లలో, 1980 మార్చిలో జపాన్‌లో కచేరీలు చేసిన తరువాత బృందం మళ్లీ యాత్రకు బయలుదేరలేదు. ఆస్ట్రేలియాలో అబ్బా చేసిన కచేరీ యాత్ర 1977 మార్చి నాటిది ఒక్కటే. వానలో తడిసిన సిడ్నీ మైదానంలో మొదలై పెర్త్‌లో ముగిసిన ఆ 11 కచేరీలను ఆ దేశపు పిల్లలు మళ్లీ చూడగలిగినది ఈ సినిమాలోనే.